సీటు ఇచ్చారు సరే, ఖర్చు మాటేమిటి?

పరీక్షలు దగ్గరపడే రోజుల్లో మన కాలేజీ వరండాలో రెండు రకాల ఫైనలియర్ విద్యార్థులు కనిపిస్తారు. పైచదువుకు సీటు రానివారు ఒక రకం, వచ్చినవారు మరో రకం. రానివారి దిగులు అందరికీ తెలిసిందే. వాళ్లను ఓదార్చటానికి స్నేహితులుంటారు. "వచ్చే ఏడాది చూద్దాంలే" అని వెన్ను తట్టే మాస్టార్లుంటారు. సీటు వచ్చినవాడి దిగులే ఎవరికీ పట్టదు. సీటు వచ్చాక దిగులేమిటని మీరడగవచ్చు. క్యాంటీన్లో పదిమందికీ టీ చెప్పి, అభినందనలందుకొని, ఊరికి ఫోన్ చేసి చెప్పిన తర్వాత, రాత్రి హాస్టల్ గదిలో కూర్చొని ఆ ఉత్తరాన్ని అతను మళ్లీ మొదటినుంచీ చదువుకుంటాడు. "మీరు ఎంపికైనందుకు సంతోషిస్తున్నాము" అని ఉంటుంది. ఫలానా తేదీలోగా ఇంత కట్టమని ఉంటుంది. హాస్టలుకు ఇంత, మెస్సుకు ఇంత, డిపాజిట్టు ఇంత అని ఉంటుంది. సంస్థ తన వంతుగా విద్యార్థికి ఏమైనా ఇస్తుందా, ఇవ్వదా అన్న విషయం మాత్రం చాలా ఉత్తరాల్లో ఒక్క ముక్క కూడా ఉండదు.

ఆ ఒక్క ముక్క గురించే ఈ వ్యాసం. నా అభిప్రాయం దాచుకోకుండా మొదటే చెప్పేస్తాను. సీటు రావటం ఒక సంగతి, ఆ చదువు సాగటానికి డబ్బు దొరకటం మరో సంగతి. మొదటిది తెలిసిన రోజునే రెండోదాన్ని గురించి అడిగే హక్కు విద్యార్థికి ఉంది. అడగటం యాచన కాదు, అమర్యాద అంతకన్నా కాదు. "చేరతాను" అని ఒప్పుకొనే ముందు, కాగితం మీద, గౌరవంగా, స్పష్టంగా అడగాలి. అడిగినదానికి అంతే స్పష్టంగా జవాబు చెప్పటం సంస్థ బాధ్యత.

"ఇందులో కొత్తేముంది? అందరికీ తెలిసిందేగా!" అనవచ్చు మీరు. తెలిసిందే. కానీ మనలో ఎంతమంది అడుగుతున్నారు? మా క్లాసులో కనుక్కున్నాను. పైచదువులకు దరఖాస్తులు పెట్టినవాళ్లలో చాలామంది సిలబస్ చూశారు, హాస్టల్ ఫోటోలు చూశారు, ఊరినుంచి రైలు ఉందో లేదో చూశారు. స్టైపెండ్ ఎంత, ఎన్నాళ్లు, ఎప్పటినుంచి అని అడిగినవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. అడగకపోవటానికి వాళ్లు చెప్పిన కారణాలు మూడు.

మొదటిది భయం. డబ్బు మాటెత్తితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకుంటారేమోనని. రెండోది సిగ్గు. "మా ఇంట్లో లేదు" అని పైకి చెప్పుకోవటం తలవంపు అనుకోవటం. మూడోది తెలియకపోవటం. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి అన్నది ఇంట్లో చెప్పేవారు లేకపోవటం. తండ్రి ఉద్యోగో లెక్చరరో అయిన ఇంట్లో ఈ మూడూ ఉండవు. భోజనాల దగ్గరే ఆ పిల్లలకు ఈ విద్య అబ్బుతుంది. మాలాగా సేద్యం మీద బతికే ఇళ్లలోంచి, మొదటితరంగా కాలేజీ గడప తొక్కినవాళ్లకే ఇవి కాళ్లకు సంకెళ్లు. డబ్బు అవసరం ఎవరికి ఎక్కువో వాళ్లే అడగలేకపోవటం ఎంత విచిత్రమో చూడండి!

విచిత్రం అని ఎందుకంటున్నానంటే, బేరం దగ్గర రైతుకు ఉన్నంత సూటితనం ఇంకెవరికీ లేదు. మా నాయన పక్కచేను గుత్తకు తీసుకునేటప్పుడు చూస్తుంటాను. ఎకరాకు ఎంత అని అడిగి ఊరుకోడు. బోరు ఎండిపోతే ఎవరిది భారం? మోటారు కాలితే రిపేరు ఎవరు చేయించాలి? వాన రాకపోతే గుత్తలో ఏమన్నా తగ్గిస్తారా? పంటనష్టం డబ్బు వస్తే ఎవరి ఖాతాలో పడుతుంది? ఇవన్నీ విత్తనం వేయకముందే, నలుగురి ఎదుట, అరుగుమీద కూర్చుని అడుగుతాడు. భూమి గలాయన ఏనాడూ దాన్ని అవమానం అనుకోలేదు. పైగా "వీడు సేద్యం చేసే మనిషి" అని నమ్మకం కుదురుతుంది. అడగకుండా తల ఊపినవాణ్ణి చూస్తేనే అనుమానం. అట్లాంటి ఇంట్లో పుట్టి, చదువు దగ్గరికొచ్చేసరికి మన నోళ్లకు తాళాలు ఎందుకు పడుతున్నాయి?

ఇది నాకూ ఎదురైన సంగతే. ఈ ఏడాది ఎమ్మెస్సీ కోసం నేను పెట్టిన దరఖాస్తుల్లో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నుంచి అందరికన్నా ముందు కబురొచ్చింది. దాని పేరు ఇక్కడ అనవసరం. సీటు ఖాయం చేసుకోవటానికి 25,000 రూపాయలు, గడువు వారం రోజులు. అడుగున చిన్న అక్షరాల్లో "అర్హులైనవారికి స్కాలర్‌షిప్ పరిశీలించబడును" అన్న వాక్యం. ఫోన్ చేసి అడిగితే, అవతలి వ్యక్తి చాలా మర్యాదగా, "ముందు సీటు బ్లాక్ చేసుకోండి, స్కాలర్‌షిప్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ మాట నాయనకు చెప్తే, శెనక్కాయల మూటలు కుడుతున్న ఆయన తలెత్తకుండానే, "రేటు తేల్చకుండా కాటాకెక్కించమంటాడేందిరా ఆ మనిషి?" అన్నాడు. ఆర్థికశాస్త్రంలో ఇంతకంటే సూటి వాక్యం నేను చదవలేదు.

ఆ రాత్రే నాలుగు ప్రశ్నలు రాసి ఈమెయిల్ పంపాను. స్కాలర్‌షిప్ ఎంత, ఎన్ని సంవత్సరాలు, ఏ షరతుల మీద, ఈ వివరాలు తెలిసేదాకా గడువు పొడిగిస్తారా అని. ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. మొదటి ఏడాది ఫీజులో 20 శాతం తగ్గింపు, రెండో ఏడాది ఏమీ లేదు, గడువు మాత్రం పది రోజులు పొడిగించారు. మా ఇంటి లెక్కకు అది సరిపడలేదు, కృతజ్ఞతలు చెప్పి వదులుకున్నాను. అడిగినందుకు ఎవరూ నన్ను కసురుకోలేదు, సీటు తీసేయలేదు, పైగా గడువు పెంచారు. నిజం తెలుసుకోవటానికి నాకైన ఖర్చు సున్నా. తెలుసుకోకుండా కట్టి ఉంటే, రెండో ఏడాది ఆ లోటు పూడ్చటానికి ఇంట్లో ఏం అమ్మవలసి వచ్చేదో ఊహించటం కష్టం కాదు.

ఇక్కడ ఒక ఉపయోగపడే మాట. 2024–25 విద్యాసంవత్సరానికి యూజీసీ ఒక నియమం ప్రకటించింది. సెప్టెంబరు 30 లోపు సీటు వదులుకున్న విద్యార్థికి కట్టిన ఫీజంతా, అక్టోబరు 31 లోపు అయితే 1,000 రూపాయలకు మించకుండా మినహాయించుకొని మిగతాదంతా, తిరిగి ఇవ్వాలని. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని 2018లోనే చెప్పింది. ఇలాంటి నియమాలు ఉన్నాయని తెలిసిన విద్యార్థి గొంతు వేరుగా ఉంటుంది. మీరు చేరబోయే ఏడాదికి ఏ తేదీలు వర్తిస్తాయో చూసుకోవటం మరచిపోవద్దు.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. సైన్సు విద్యార్థికి మనదేశంలో పైచదువుకు దొరికే ఆసరా ఒక్క తీరుగా లేదు. సీఎస్ఐఆర్–యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సంపాదిస్తే, 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు వస్తాయి. అంతకుముందు అవి 31,000, 35,000. అదే పరిశోధన, అదే ల్యాబు, అదే బెంచీ. నెట్ ఫెలోషిప్ లేకుండా కేంద్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీలో చేరినవాడికి మాత్రం యూజీసీ నాన్‌నెట్ ఫెలోషిప్ కింద నిర్ణయించింది నెలకు 8,000 రూపాయలు. ఆ కాస్తా కూడా ఎత్తేస్తామని 2015 అక్టోబరులో యూజీసీ అంటే, ఢిల్లీలో విద్యార్థులు దాని ఆఫీసు ముందే రోజుల తరబడి కూర్చున్నారు. వాళ్లు కూర్చోకపోతే ఆ ఎనిమిది వేలు ఏమయ్యేవో! ఇక రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని పరిశోధక విద్యార్థికి ఆ మాత్రం ఏర్పాటు కూడా అన్నిచోట్లా లేదు. అంటే "పీహెచ్‌డీ సీటు వచ్చింది" అన్న ఒకే వాక్యానికి 37,000 అని ఒక అర్థం, 8,000 అని ఒక అర్థం, సున్నా అని ఒక అర్థం. ఈ మూడింటిలో తనది ఏదో అడగకుండా రైలెక్కటం ధైర్యం అనిపించుకోదు.

ఎమ్మెస్సీ స్థాయిలో పరిస్థితి ఇంకా పలచన. మొదటి ఏడాది నుంచే నెలవేతనం ఇచ్చే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలు కొన్ని పెద్ద సంస్థల్లో ఉన్నాయి. రెండేళ్ల ఎమ్మెస్సీకి మాత్రం చాలాచోట్ల మన ఖర్చు మనమే పెట్టుకోవాలి. ఈ తేడా దరఖాస్తు పెట్టేటప్పుడే తెలిస్తే, ఏది ముందు పెట్టాలో మనమే నిర్ణయించుకుంటాం.

"డబ్బు లేకపోతే బ్యాంకు లోను ఉంది కదా?" అంటారు పట్నం మిత్రులు. రైతు ఇంటి బిడ్డకు ఆ దారి ఎట్లా ఉంటుందో వాళ్లకు తెలియాలి. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా బ్యాంకు ఆస్తి పూచీ అడుగుతుంది. మాకున్న ఆస్తి భూమి. పట్టాదారు పాసుపుస్తకం తీసుకొని వెళితే పంటరుణం ఇస్తారు గాని, చదువు రుణానికి ఆ పొలాన్ని పూచీగా తీసుకోవటానికి చాలా బ్యాంకులు ముందుకు రావు. కారణం ఉంది. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం, బాకీ తీరకపోతే కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు ఇచ్చింది. అయితే అదే చట్టం 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని దాన్నుంచి మినహాయించింది. రైతు భూమి కాపాడటానికి పెట్టిన మినహాయింపు అది. మంచిదే, కాదనను. కానీ ఫలితం ఏమైంది? పట్నంలో రెండు సెంట్ల ప్లాటు ఉన్నవాడు పూచీ గలవాడు, పల్లెలో నాలుగెకరాలున్నవాడు పూచీ లేనివాడు! బ్యాంకు వద్దన్న ఆ భూమినే ఊళ్లో వడ్డీవ్యాపారి రెండు చేతులా రాయించుకుంటాడు. అతనికి సెక్షన్లతో పనిలేదు.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఈ ముడిని కొంత విప్పింది. దేశంలో నాణ్యత గలవిగా గుర్తించిన విద్యాసంస్థల్లో (అప్పట్లో అవి 860) చేరినవారికి పూచీ లేకుండా, హామీదారు లేకుండా రుణం ఇవ్వాలని అందులో ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణం మీద వడ్డీలో 3 శాతం రాయితీ. కాబట్టి మీకు సీటిచ్చిన సంస్థ ఆ జాబితాలో ఉందా లేదా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. రుణం ఎంత సులువైనా రుణమే. స్టైపెండ్ ఎంతో తేలిన తర్వాత మిగిలిన లోటుకే రుణం వెతకాలి గాని, స్టైపెండ్ సంగతి అడగటానికి మొహమాటపడి మొత్తం బరువూ రుణం మీద వేయటం తెలివి కాదు. మొహమాటం గురించి మన పెద్దలకు ఒక సామెత ఉంది. సావనీరులో అచ్చువేయటానికి వీల్లేనిది గనుక పాఠకుల జ్ఞాపకానికే వదిలేస్తున్నాను.

ఇక విదేశాల సంగతి. మన జిల్లాల నుంచి అమెరికా పోయేవాళ్లు ఎక్కువ గనుక అక్కడి పద్ధతే చెబుతాను. అక్కడ సైన్సులో పీహెచ్‌డీ సీటుకు సాధారణంగా ట్యూషన్ మినహాయింపు, దానితోపాటు బోధనలోనో పరిశోధనలోనో సహాయకుడిగా పనిచేసినందుకు స్టైపెండ్ ఉంటాయి. మాస్టర్స్‌కు మాత్రం చాలామంది తమ డబ్బే పెట్టుకుంటారు. పేరులో రెండూ పైచదువులే, ఖర్చులో ఒకటి గడప, ఒకటి గోడ. వీసాకు ముందు విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ–20 పత్రంలోనే ఏడాది ఖర్చు ఎంత, అందులో సంస్థ భరించేదెంత, విద్యార్థి తెచ్చుకోవలసిందెంత అని అంకెలు వేసి ఉంటాయి. అంటే డబ్బు మాట అక్కడ దాచుకునే మాట కాదు, ఫారంలో ఒక గడి. పైగా అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి వారి తీర్మానం ఒకటుంది. దానిమీద సంతకం చేసిన సంస్థలు, ఆర్థిక సహాయంతో కూడిన ఆహ్వానానికి ఏప్రిల్ 15 కన్నా ముందే జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. నాలుగు చోట్ల ఏమిస్తారో కనుక్కొని, పోల్చుకొని, ఆలోచించి చెప్పమనే దాని ఉద్దేశం. అడిగేవాణ్ణి తక్కువగా చూసే లోకమైతే ఇలాంటి తీర్మానం పుట్టేదా?

అయితే అక్కడ కూడా ఉత్తరం రాగానే అంతా అయిపోయిందనుకోరాదు. 2025లో అమెరికా ప్రభుత్వం పరిశోధన నిధుల్లో కోతలు పెట్టినప్పుడు, మసాచుసెట్స్‌లోని యూమాస్ చాన్ వైద్య కళాశాల ఆ ఏడాది బయోమెడికల్ పీహెచ్‌డీకి అప్పటికే ఇచ్చిన సీట్లను వెనక్కి తీసుకుంది. మన దగ్గరా అదే కథ. షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు మొదలైనవారి కోసం కేంద్రం నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 2025–26లో 106 మందిని ఎంపిక చేశారు. జూలైలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలిచ్చి, మిగతా 66 మందికి నిధుల లభ్యతను బట్టి ఇవ్వవచ్చునన్నారు. ఎంపికైనట్టే, కానట్టే! ఆ అరవైఆరు ఇళ్లలో ఆ నెల ఎట్లా గడిచి ఉంటుందో ఆలోచించండి. అందుకే "ఇస్తాం" అన్న మాటతో తృప్తిపడక, "ఇది ఖాయమా, నిధులు వస్తేనా?" అని కూడా అడగాలంటున్నాను.

డబ్బు మాట ఎత్తటం విద్యాతపస్సుకు భంగమనే పెద్దలు కొందరున్నారు. వారికి ఇద్దరు మహానుభావులను గుర్తుచేస్తాను. 1913లో డాక్టర్ అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా సంస్థానం వారి విద్యార్థివేతనం మీద. నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్లపాటు. బదులుగా సంస్థానంలో ఉద్యోగం చేస్తానని ఒప్పందం మీద సంతకం పెట్టే వెళ్లారు. ఎంత, ఎన్నాళ్లు, ఏ షరతు మీద అన్న మూడు ప్రశ్నలకూ ఆ ఒప్పందంలో జవాబుంది. ఆ వేతనం గడువు తీరేసరికి 1917లో లండన్‌లో చదువు సగంలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. బొంబాయిలో లెక్చరరుగా పనిచేసి కూడబెట్టుకొని, కొల్హాపూరు షాహూ మహారాజు సాయం, స్నేహితుని అప్పు కలుపుకొని 1920లో మళ్లీ వెళ్లి ఆ చదువు పూర్తిచేశారు. అంతటి మేధావికే డబ్బు గడువు తీరితే చదువు ఆగింది. మనమెంత?

రెండోవారు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1920ల మొదట్లో హార్వర్డుకు వెళ్లటానికి కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారు సేకరించిన డబ్బు ఆధారమయ్యాయి. అవి చాలక అమెరికాలో ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. మన బయోకెమిస్ట్రీ ల్యాబులో ఫాస్ఫరస్ లెక్కగట్టే ఫిస్కే–సుబ్బారో పద్ధతి ఆయనదే. సాయం అడిగినందువల్ల ఆ పద్ధతిలో ఒక్క బిందువు కూడా తేడా రాలేదు. "ఆయన రాత్రిళ్లు పనిచేసి చదివాడు, నువ్వూ చదువు" అని నీతి చెప్పటం తేలిక. అట్లా మధ్యలోనే ఆగిపోయినవారి పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవన్నది నా జవాబు.

అయితే అడగటానికీ ఒక వేళ, ఒక తీరు ఉన్నాయి. ఇంకా దరఖాస్తే పెట్టకముందు, ఒక ప్రొఫెసరుకు రాసే మొదటి ఉత్తరంలో మొదటి వాక్యమే "నాకెంత ఇస్తారు?" అని ఉంటే ఎవరికైనా మనసు నొచ్చుతుంది. మా లెక్చరర్లు చెప్పే ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను. కానీ సీటు ఇచ్చిన తర్వాత లెక్క మారుతుంది. వాళ్లు మనల్ని చూసి ఎంచుకున్నారు. ఇప్పుడు ఎంచుకోవలసింది మనం. ముందు కృతజ్ఞత చెప్పండి. చేరాలన్న ఆసక్తి చెప్పండి. ఇంటి కష్టాలు ఏకరువు పెట్టనక్కరలేదు. "నిర్ణయం తీసుకోవటానికి ఈ వివరాలు అవసరం" అన్న ఒక్క వాక్యం చాలు. తర్వాత ప్రశ్నలు.

ఒకటి, నెలకు లేదా ఏడాదికి ఎంత? ఫీజు మినహాయింపు అందులో కలిసిందా, వేరా? రెండు, ఎన్నేళ్లు హామీ? ఏడాదికి పన్నెండు నెలలా, సెలవుల్లో ఆగిపోతుందా? మూడు, నిలబెట్టుకోవాలంటే ఎన్ని మార్కులు రావాలి, ఎన్ని గంటలు పనిచేయాలి? నాలుగు, మొదటి డబ్బు చేతికి అందేది ఎప్పుడు? చేరిన మూడు నెలలకు వచ్చే ఫెలోషిప్ కాగితం మీద ఎంతున్నా, ఆ మూడు నెలల మెస్సు బిల్లు ఎవరో కట్టాలి కదా. ఐదు, సంస్థ నుంచి ఏమీ లేకపోతే వేరే ఏ పథకాలకు దరఖాస్తు పెట్టవచ్చు, వాటి గడువు ఏమిటి? ఆరు, జవాబు వచ్చేదాకా సీటు ఖాయం చేసే గడువు పొడిగించగలరా? ఇవి ఫోన్లో అడిగినా సరే, జవాబు మాత్రం రాతలో తీసుకోండి. విదేశీ విశ్వవిద్యాలయమైతే ప్రొఫెసరుతోపాటు శాఖ ఆఫీసులో అడ్మిషన్లు చూసేవారికి కూడా రాయండి. డబ్బు కాగితాలు నడిచేది ఆ బల్లమీదనే.

"ఏమీ ఇవ్వలేము" అని జవాబు రావచ్చు. రానివ్వండి. ఆ "లేదు" కూడా విలువైనదే. దాన్నిబట్టి ఇంకో దారి చూసుకుంటాం. మనిషిని ముంచేది "చూద్దాంలే" అన్న మాట. వానాకాలంలో మబ్బు చూసి ముంత ఒలకబోసుకున్న సామెత ఊరికే పుట్టలేదు.

చివరగా మూడు మనవులు. మొదటిది లెక్చరర్లకు. అయ్యా, అమ్మా, మీరు మాకు సిఫారసు ఉత్తరాలు ప్రేమతో రాసిస్తున్నారు. ఆ ఉత్తరంతోపాటే, "సీటొస్తే స్టైపెండ్ సంగతి అడుగు, ఇట్లా అడుగు" అన్న ఒక్క మాట కూడా చెప్పండి. ఇంట్లో చెప్పేవారు లేనివాడికి మీ మాటే ఇంటి మాట. మా ఇంటి పెద్దలు ఏ విత్తనం ఎప్పుడు వేయాలో చెప్పగలరు గాని, నెట్టుకూ గేటుకూ తేడా చెప్పలేరు కదా.

రెండోది పూర్వవిద్యార్థులకు. అన్నలారా, అక్కలారా, మీరు సెలవులకు వచ్చినప్పుడు అక్కడి మంచు గురించి, ల్యాబుల గురించి చెబుతారు. మొదటి ఆర్నెల్లు ఎట్లా గడిచాయో, అప్పు ఎంతయిందో, ఎవరు ఆదుకున్నారో కూడా చెప్పండి. మీరు దాచిన ప్రతి అంకె వెనకాల వచ్చే ఒక తమ్ముడికో చెల్లెలికో గొయ్యి అవుతుంది. మీలో స్థిరపడినవారు తలా కొంత వేసి, సీటు వచ్చి ఖాయం ఫీజు కట్టలేని విద్యార్థికి చేబదులిచ్చే చిన్న నిధి ఒకటి ఏర్పాటు చేస్తే, అది ఈ కాలేజీకి కట్టే ఏ ఆర్చి కన్నా ఎక్కువకాలం నిలుస్తుంది.

మూడోది మన విద్యార్థి సంఘానికి. ఎన్నికలప్పుడు వాగ్దానాలు చాలా విన్నాం. ఖర్చులేని పని ఒకటి చెబుతాను. నోటీసు బోర్డులో ఒక మూల ఫెలోషిప్పులకు కేటాయించండి. ఏ పరీక్ష రాస్తే ఎంత వస్తుంది, దరఖాస్తు ఎప్పటిలోగా పెట్టాలి, మన కాలేజీనుంచి ఎవరికి వచ్చింది అని నెలనెలా అంటించండి. అంకెలు మారినప్పుడు పాత కాగితం తీసి కొత్తది పెట్టండి. దానితోపాటు, మన విశ్వవిద్యాలయం పంపే పీజీ, పీహెచ్‌డీ సీటు ఉత్తరాల్లోనే "ఆర్థిక సహాయం: ఇంత, లేదా లేదు" అన్న ఒక వరుస చేర్చమని అధికారులకు విన్నపం ఇవ్వండి. ఇతరులను అడగమని చెప్పే మనం, మన ఇంటినుంచే మొదలుపెట్టటం న్యాయం.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అమ్మ దగ్గర అడగటానికి సిగ్గుపడని మనం, చదువులతల్లి దగ్గర మాత్రం ఎందుకు తల దించుకోవాలి? మార్కుల కోసం మనం ఎవరినీ అడగలేదు, చదివి తెచ్చుకున్నాం. సీటు కోసం ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, రాసి తెచ్చుకున్నాం. ఆ సీటులో కూర్చుని చదవటానికి కావలసిన అన్నం గురించి అడిగేటప్పుడు కూడా అంతే నిటారుగా నిలబడదాం. ఈ ఏడాది సీటు ఉత్తరాలు అందుకోబోయే మిత్రులందరికీ నా అభినందనలు. టీ తర్వాత తాగుదాం, ముందు ఆ ఈమెయిల్ రాయండి.